కెన్నెల్‌లో పార్వో (కుక్కపిల్లల పేగులకు వచ్చే వైరస్ జబ్బు) వచ్చింది, మిగతా వాటికి అంటకుండా ఎలా ఆపాలి? సంక్రాంతి బుకింగులు కూడా ఉన్నాయి

ల్యాబ్_లంక (జనవరి 3)

అందరికీ నమస్కారం. విజయవాడ అవతల చిన్న కెన్నెల్ నడుపుతున్నాను. సొంతంగా ఐదు పెద్ద కుక్కలున్నాయి. వాటిలో ఒక ల్యాబ్ తల్లికి నవంబర్ 3న ఎనిమిది పిల్లలు పుట్టాయి. 45 రోజులకు మొదటి ఇంజెక్షన్ వేయించాను. డిసెంబర్ 31న రెండు పిల్లలను కొన్నవాళ్లు తీసుకెళ్లారు. ఒకటో తేదీ రాత్రి మిగిలిన ఆరింటిలో నల్ల మగపిల్ల తిండి ముట్టలేదు, తెల్లారేసరికి వాంతులు, ఆ తర్వాత రక్తంతో విరేచనాలు, ఆ వాసన గేటు దాకా కొట్టింది. డాక్టర్ గారు మలం తీసి కిట్టుతో చూసి పార్వో అన్నారు. నిన్న సాయంత్రం పోయింది. ఇవాళ ఇంకో ఆడపిల్ల పడిపోయింది, సెలైన్ మీద ఉంది. మిగతా నాలుగూ ఇప్పటికైతే తింటున్నాయి, ఆడుతున్నాయి, కానీ ఏది కాస్త పడుకున్నా నాకు గుండె జారిపోతోంది.

ఎక్కణ్నుంచి వచ్చిందో కొంచెం అనుమానం ఉంది. 26 నుంచి 28 వరకు బోర్డింగ్‌కి ఐదు నెలల బీగిల్ ఒకటి వచ్చింది. రెండో రోజు ఒకసారి పల్చగా వెళ్లింది, కొత్త చోటు కదా, తిండి మారింది కదా అని పట్టించుకోలేదు. టీకా కార్డు అడిగితే ఇంట్లో మర్చిపోయాం అన్నారు, నేనూ పోనీలే అనుకున్నా. నాదే తప్పు, తిట్టేవాళ్లు తిట్టండి, కానీ తిట్టాక ఉపాయం కూడా చెప్పండి.

మా కుర్రాడు రోజుకు రెండుసార్లు ఫినాయిల్ వేసి పైపుతో గట్టిగా కొట్టి కడుగుతున్నాడు, అది సరిపోతుందా? టీకా వేసినా ఎలా వచ్చింది, ఇంజెక్షన్ నకిలీదా? పెద్దవాటికి వస్తుందా? ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, మా ఆవిడ పాపని తీసుకుని పుట్టింటికి వెళ్తానంటోంది. అసలు తలనొప్పి ఏంటంటే 12 నుంచి 17 వరకు పదకొండు కుక్కలకు పండగ బుకింగ్ తీసుకున్నాను, సగం మంది అడ్వాన్స్ కూడా పంపేశారు. ఈ వారంలో కడిగి శుభ్రం చేసేస్తే తీసుకోవచ్చా?

ముసలి_డోబర్‌మన్

తమ్ముడూ, ఇది చదవడం ఆపి ముందు ఆ పదకొండు మందికీ ఫోన్ చెయ్యి. అడ్వాన్సులు తిరిగిచ్చెయ్. పండగ డబ్బులు పోతాయి, నిజమే, కానీ కనుమ నాడు పదకొండు ఇళ్లకు పార్వో పంచి పెడితే ఆ తర్వాత నీ గేటు ముందు ఎవడూ బండి ఆపడు.

తిట్టను. నేను చేసింది నీకంటే ఘోరం. మాది హనుమకొండ, పదమూడేళ్ల కింద మా ఇంట్లో ఒకేసారి రెండు ఈతలు, డోబర్‌మన్ పిల్లలు ఏడు, పామెరేనియన్ నాలుగు. డోబర్‌మన్ పిల్లకి పార్వో అని తెలియగానే వాటిని వెనక రేకుల షెడ్డులో వేసి, పామ్ పిల్లలను ముందు గదిలో పెట్టి, తలుపులు మూసి, బ్లీచింగ్ చల్లి, చెప్పులు మార్చి, నేనే పెద్ద డాక్టర్ని అనుకున్నా. అయినా మూడ్రోజులకొకటి చొప్పున ముందు గదిలోవి పడిపోతూనే ఉన్నాయి. ఎట్లా వస్తోందో బుర్రకు ఎక్కలేదు.

నాకు పొద్దున్నే పిల్లలను తూకం వేసి నోటుబుక్కులో రాసే అలవాటు. తూకం మిషన్ మీద జారకుండా ఒక పాత తువ్వాలు పరిచేవాణ్ని. ఒక రాత్రి నిద్ర పట్టక ఆ బుక్కు తిరగేస్తుంటే కనపడింది, ముందు గదిలో ఏ వరసలో తూచానో దాదాపు అదే వరసలో జబ్బు పడ్డాయి. వెనక షెడ్డులో తూచి, అదే మిషను, అదే తువ్వాలు చంకన పెట్టుకుని ముందు గదికి నేనే మోసుకొచ్చా. పదకొండింటిలో నాలుగు మిగిలాయి. ఆ తువ్వాలు నీలం గళ్లది, ఇప్పటికీ అట్లాంటిది ఎక్కడ కనపడినా నాకు కడుపులో దేవుతుంది.

అందుకే చెప్తున్నా, ఇవాళ ఒక కాగితం తీసుకుని ఆ పిల్లల దగ్గర్నుంచి వేరే కుక్కల దగ్గరికి ఏమేమి వెళ్తున్నాయో రాయి. గిన్నె, గరిటె, చీపురు, మాప్, బకెట్, పట్టీ, దువ్వెన, నీ ఫోను, నీ ప్యాంటు అంచు, మీ కుర్రాడి చెప్పులు. ఆ కాగితంలో ఎక్కడో ఉంటుంది నీ జవాబు. బీగిల్‌కి నీ పిల్లలు ఎదురుపడకపోయినా ఫర్వాలేదు, మధ్యలో మీరున్నారుగా.

పశువైద్యం_గుంటూరు

పై ఆయన చెప్పిన తువ్వాలు కథ నేను మా దగ్గరకొచ్చే కెన్నెల్ వాళ్లందరికీ చెప్పబోతున్నాను.

ముందు పాప సంగతి. కుక్కల పార్వో మనుషులకు రాదు. మనుషుల్లో పార్వో అనే పేరుతో ఒకటి ఉంది, అది వేరే వైరస్. మీ ఆవిడ గారు పండక్కి వెళ్లాలనుకుంటే వెళ్లనివ్వండి, కానీ దీనికి భయపడి కాదు. అయితే పాప చెప్పులు, చేతులు మాత్రం వైరస్‌ని మోస్తాయి, కాబట్టి అటువైపు రానివ్వకండి. ఇంట్లో పిల్లి ఉంటే దానికి మాత్రం ఇప్పుడు తిరుగుతున్న రకాలు అంటే అవకాశం ఉంది.

ఫినాయిల్‌తో ఈ వైరస్ చావదు. డెట్టాల్‌తో చావదు. కరోనా నాటి నుంచి అందరి జేబుల్లో ఉన్న శానిటైజర్‌తోనూ చావదు. కరోనా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు, ఆల్కహాల్ తగిలితే కరిగిపోతుంది. పార్వోకి ఆ పొరే లేదు, అందుకే ఇంత మొండిది, గదుల్లో నెలల తరబడి, నీడపట్టు మట్టిలో ఏడాది దాకా కూడా బతికి ఉండగలదు. 1978 ప్రాంతంలో మొదటిసారి బయటపడి రెండేళ్లు తిరక్కుండానే ప్రపంచమంతా చుట్టేసిందంటే ఈ మొండితనం వల్లే. చేతులు సబ్బుతో ఎక్కువసేపు రుద్ది కడుక్కోండి, చావకపోయినా నీళ్లతో కొట్టుకుపోతుంది.

చంపేది క్లోరిన్. బజారులో దొరికే లిక్విడ్ బ్లీచ్ నాలుగు శాతం ఉన్నదైతే లీటరు నీళ్లకు 50 మిల్లీలీటర్లు. పౌడరైతే 30 శాతం క్లోరిన్ ఉన్న కొత్త ప్యాకెట్ తీసుకుని పది లీటర్ల బకెట్‌కు 70 గ్రాములు కలిపి, పిండి అడుక్కి దిగాక పైతేట వాడండి. మూలన ఏడాదిగా తెరిచి పడేసిన సంచిలో పౌడర్‌కి పస ఉండదు, పారేయండి. ఏ రోజుది ఆ రోజే కలపండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే: మలం, వెంట్రుకలు, జిగురు ఉన్న నేల మీద బ్లీచ్ పోస్తే ఆ మురికే క్లోరిన్‌ని తినేస్తుంది. ముందు మలం ఎత్తాలి, సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి, నీళ్లు తీసెయ్యాలి, అప్పుడు బ్లీచ్ పోసి పది నిమిషాలు నేల తడిగా ఉంచాలి, ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి. కుక్కలు బయట ఉన్నప్పుడే ఈ పని. మూత్రం మీద నేరుగా పోసినా, బాత్రూం యాసిడ్‌తో కలిపినా విషవాయువు వస్తుంది, మీ కుర్రాడికి ఇది రెండుసార్లు చెప్పండి.

ఆ పైపుతో గట్టిగా కొట్టడం వెంటనే మాన్పించండి. ఆ తుంపర గోడ అవతల గదిలోకి పడుతుంది. శుభ్రం చేస్తున్నామనుకుంటూ చల్లుతున్నారు.

టీకా నకిలీది అయ్యుండాలని లేదు. ముర్రుపాలతో తల్లి నుంచి పిల్లలకు రక్షణ వస్తుంది కదా, తల్లికి టీకాలు బాగా వేయించి ఉంటే అది ఇంకా గట్టిగా ఉంటుంది. ఆ రక్షణ దాదాపు పది రోజులకొకసారి సగమవుతూ వస్తుంది. అది ఎక్కువగా ఉన్న రోజుల్లో టీకా వేస్తే ఆ టీకాని కూడా శత్రువే అనుకుని అణిచేస్తుంది. తర్వాత ఒక దశ వస్తుంది, తల్లి ఇచ్చింది జబ్బుని ఆపేంత ఉండదు, టీకాని అడ్డుకునేంత మాత్రం ఉంటుంది. మీ పిల్లలు సరిగ్గా అక్కడ దొరికాయి. ఒకే ఈతలో పిల్ల పిల్లకీ ఈ రోజులు మారతాయి, అందుకే ఒకటి పోయి పక్కది గెంతుతూ ఉంటుంది. ఈ కారణంగానే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండిన తర్వాత కూడా ఒకటి పడేదాకా వెయ్యమంటాం. జబ్బు తిరుగుతున్న కెన్నెల్‌లో ఇంకా ముందుగా, ఇంకా దగ్గర దగ్గరగా, ఇరవై వారాల దాకా వేస్తారు. 45 రోజులకు ఒకటి వేసి అయిపోయిందనుకునే వాళ్లు మన దగ్గర చాలామంది.

టీకాలు సక్రమంగా ఉన్న పెద్ద కుక్కలకు పెద్దగా భయం లేదు. కానీ బయటికి జబ్బు కనిపించకుండానే కొన్ని మలంలో వైరస్ వదలొచ్చు, కాబట్టి వాటిని కూడా ఆ పిల్లల చోటుకి వదలకండి.

ఇక కుక్క లోపలికి వైరస్ వెళ్లాక మూడు నుంచి ఏడు రోజుల్లో, అరుదుగా రెండు వారాలకు బయటపడుతుంది. లక్షణాలు కనిపించకముందే మలంలో వస్తుంది. కోలుకున్నాక కూడా రెండు వారాల దాకా వస్తుందనుకోండి. ఆ లెక్కన 12వ తేదీకి మీ కెన్నెల్ తెరవడం కుదరని పని.

రాజావారి_రాట్

అంత ఖర్చెందుకు బ్రో, మా ఊళ్లో పార్వోకి బొప్పాయాకు రసం, పసుపు కలిపిన పెరుగు రెండు పూటలా పట్టిస్తాం, మా రాట్‌వీలర్ దానితోనే లేచింది. గదిలో వేపాకు పొగ వెయ్యి, వైరస్ ఉండదు.

పశువైద్యం_గుంటూరు

మీ కుక్క లేచినందుకు సంతోషం, కానీ అది ఆ రసం వల్ల లేచిందని నేను ఒప్పుకోను. వాంతులు చేసుకుంటున్న పిల్ల నోట్లో బలవంతంగా ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే పార్వో నుంచి బయటపడ్డది కూడా న్యుమోనియాతో పోతుంది. ఈ వైరస్‌ని చంపే మందు మామూలుగా మన ఆస్పత్రుల్లో లేదు, సెలైన్, వాంతులు ఆపే ఇంజెక్షన్లు, పేగు గోడ దెబ్బతిని లోపలికి వెళ్లే బ్యాక్టీరియాకి యాంటీబయాటిక్, ఇవే దాన్ని నిలబెట్టేవి. తెల్ల రక్తకణాలు పడిపోయి ఉంటాయి కాబట్టి ఆలస్యం చేస్తే చేతులెత్తెయ్యాలి. వేపాకు పొగ దోమలకు.

ల్యాబ్_లంక

అన్నా, డాక్టర్ గారూ, చాలా థాంక్స్. పదకొండు మందికీ ఫోన్ చేశాను. ఎనిమిది మంది అర్థం చేసుకున్నారు. ఒకాయన మాత్రం టికెట్లు బుక్ అయిపోయాయి, నా కుక్కకి టీకాలన్నీ ఉన్నాయి, నువ్వు తీసుకోవాల్సిందే అంటున్నాడు.

మా కాగితం రాశాం. మాప్ ఒక్కటే అని తెలుసు, కానీ నీళ్ల బకెట్ల సంగతి ఇప్పుడే చూశాను. కుర్రాడు ఒకే మగ్గుతో అన్ని గదుల్లో నీళ్లు మారుస్తున్నాడు, మలం అంటిన గిన్నెలు అదే మగ్గుతో కడుగుతున్నాడు. పైగా మొదట పిల్లల గదికే వెళ్తాడు, పిల్లలంటే వాడికి ముద్దు.

డిసెంబర్ 31న వెళ్లిన రెండు పిల్లల వాళ్లకు చెప్పాలా? ఒకటి ఏలూరులో, ఒకటి తెనాలిలో ఉంది. చెప్తే డబ్బులు వెనక్కి అడుగుతారేమో అని ఒక పూట నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

వీధికుక్కల_అమ్మ

ఫోన్ చెయ్యండి, ఇప్పుడే చెయ్యండి. బీగిల్ ఉన్న రోజుల్లో అవి రెండూ అక్కడే ఉన్నాయి కదా. ముందే తెలిస్తే తిండి మానేసిన పూటే వాళ్లు ఆస్పత్రికి పరిగెడతారు, తెలియకపోతే రెండు రోజులు పెరుగన్నం పెట్టి చూస్తారు. ఆ రెండు రోజులే ప్రాణం. ఆ బీగిల్ వాళ్లకు కూడా చెప్పండి, వాళ్ల అపార్ట్‌మెంట్ కింద ఇంకెన్ని పిల్లలు తిరుగుతున్నాయో.

నేను హైదరాబాద్‌లో వీధికుక్కల షెల్టర్‌లో వారానికి నాలుగు రోజులు పని చేస్తాను. మాకు గదులు లేవు, డబ్బుల్లేవు, ఉన్నదల్లా వరస. మీ కుర్రాడి ముద్దు సంగతి విన్నాక ఇది రాయాలనిపించింది. పొద్దున్న పని ఎప్పుడూ ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లల దగ్గర మొదలవ్వాలి, ఆ తర్వాత ఆరోగ్యంగా ఉన్న పెద్దవి, ఆ తర్వాత జబ్బున్న వాటితో కలిసి ఉన్నా ఇంకా బాగున్నవి, చిట్టచివర జబ్బువి. అక్కడి నుంచి నేరుగా స్నానానికి. వెనక్కి తిరిగి రాకూడదు, మధ్యలో ఏదో మర్చిపోయామని కూడా. ఇంకో మనిషి దొరికితే ఇంకా మంచిది, జబ్బున్న వాటికి ఒకరు, మిగతా వాటికి ఒకరు. మీ దగ్గర ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న నాలుగూ మూడో వరసలోకి వస్తాయి, అవి ఆడుతున్నాయని మొదటి వరసలో పెట్టకండి. కుదిరితే వాటిని రెండు రెండుగా విడదీయండి, ఒకటి పడితే మూడింటికి బదులు ఒకదానికే ప్రమాదం.

గుమ్మంలో బ్లీచ్ నీళ్ల పళ్లెం పెట్టి అందులో కాలు ముంచి వెళ్తే చాలనుకుంటారు. మాకూ ఉండేది. మధ్యాహ్నానికి అందులో మట్టి, ఆకులు, ఒకసారి అయితే ఒక కుక్క తాగుతూ కనపడింది. ఎత్తేశాం. ఇప్పుడు ఆ గది గుమ్మం దగ్గర ఎర్ర రబ్బరు చెప్పులు ఉంటాయి, గది లోపల మాత్రమే వేసుకోవాలి, గడప దాటవు. ఎర్రచెప్పులు బయట కనపడితే ఎవరైనా అరవొచ్చు, మా వాచ్‌మన్ కూడా నా మీద అరిచాడు. అలాగే ఎర్ర బకెట్, ఎర్ర మగ్గు, ఎర్ర చీపురు. మీ కుర్రాడికి చదువు రాకపోయినా రంగు తెలుస్తుంది.

మలం ఎత్తింది కవర్లో కట్టి మూత ఉన్న డబ్బాలో వెయ్యండి, ఈగలు, ఎలుకలు కూడా మోసుకెళ్తాయి. చనిపోయిన పిల్లను ఎక్కడ పెట్టారు?

ల్యాబ్_లంక

వెనక కొబ్బరిచెట్టు కింద పాతిపెట్టాం, లోతుగానే తవ్వాం. పైన సున్నం వేసి కంప కొట్టాను, వీధికుక్కలు తవ్వకుండా.

ఏలూరు వాళ్లు నేను చెప్పేసరికే ఆస్పత్రిలో ఉన్నారు, పొద్దున్నే ఒకసారి వాంతి చేసుకుందట. ఆవిడ నా మీద అరిచింది, అరవనీ. తెనాలిది బాగానే ఉంది, వాళ్లు చూస్తూ ఉంటామన్నారు.

ముసలి_డోబర్‌మన్

మంచి పని చేశావు. ఆ టికెట్లాయన కుక్కని నీకు తెలిసిన వేరే బోర్డింగ్‌లో పెట్టించు, కానీ వాళ్లకి నీ దగ్గర ఏం జరిగిందో చెప్పు, నువ్వు స్వయంగా ఆ గేటు లోపలికి మాత్రం వెళ్లకు.

పశువైద్యం_గుంటూరు

ఆ నాలుగింటికి రెండో డోసు ఇప్పుడే వేయించడం గురించి మీ డాక్టర్ గారిని అడగండి. వైరస్ ఇప్పటికే లోపల ఉంటే టీకా ఆపలేదు, కానీ ఇంకా అంటుకోనిది ఉంటే దానికి పనికొస్తుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి, టీకా వేసిన కొన్ని రోజుల్లో కిట్టుతో చూస్తే సన్నటి గీత పడొచ్చు, అది టీకా వైరస్సే కావచ్చు. అది చూసి బెంబేలెత్తకుండా పిల్ల ఎలా ఉందో చూడండి. టీకాని ఐస్‌బాక్సులో తెప్పించండి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. చొక్కా జేబులో తెచ్చిన వాయల్స్ నేను కళ్లారా చూశాను.

ల్యాబ్_లంక (జనవరి 14)

భోగి నాడు రాద్దామనుకున్నా, ఇవాళ కుదిరింది. సెలైన్ మీదున్న ఆడపిల్ల ఆరో రోజున లేచి నా వేలు కొరికింది, ఇప్పుడు తింటోంది, ఇంకా ఎర్రచెప్పుల గదిలోనే ఉంది. నాలుగింటిలో 5వ తేదీన ఒకటి పడింది, అది దక్కలేదు. దానితో కలిపి ఉంచింది మర్నాడు నలతపడి కోలుకుంది. రెండో జత ఇప్పటికి బాగానే ఉన్నాయి. ఏలూరుది ఇంటికొచ్చేసిందట, ఆవిడ వీడియో పంపింది, ఆస్పత్రి బిల్లు కూడా పంపింది, సగం కట్టాను. పెద్దవి ఐదింటికీ ఏమీ కాలేదు.

సిమెంటు నేలంతా మీరు చెప్పినట్టే చేశాం. వెనక పదిహేను అడుగుల గడ్డి చోటు ఉంది, పిల్లలు అక్కడే ఆడేవి. దాని మీద బ్లీచ్ పోయొచ్చా? మార్చిలో ఇంకో ఆడదానికి ఈత ఉంది.

పశువైద్యం_గుంటూరు

మట్టి మీద బ్లీచ్ వృథా, మట్టే దాన్ని తినేస్తుంది, గడ్డి చస్తుంది. కనిపించిన మలమంతా ఎత్తి, గడ్డి మొదళ్ల దాకా కోసి, నీడ పడే కొమ్మలు కొట్టించి ఎండ తగలనివ్వండి. మన ఎండాకాలం కొంత సాయం చేస్తుంది కానీ దాన్నే నమ్ముకోకండి. టీకాలున్న పెద్దవి తిరగొచ్చు. మార్చి పిల్లలను మాత్రం అటు వదలకండి, అవి సిమెంటు మీదే పెరగాలి, ఆ గడ్డి చోటుకి ఏడాది పాటు తాళం వేసుకోండి. కోలుకున్న రెండింటికీ ఆ గది దాటించే ముందు ఒళ్లంతా స్నానం చేయించండి, వెంట్రుకల్లో ఉంటుంది.

వీధికుక్కల_అమ్మ

ఆ స్నానం చేయించిన తువ్వాలు కూడా ఎర్ర బకెట్లోనే వెయ్యండి.